రాత్రికి అప్పగించే పనులు



తీరిక లేని ఇళ్ల గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. పొద్దున ఏడున్నరకు ఇంట్లోంచి ఒకరు బయల్దేరతారు. ఎనిమిదికి ఇంకొకరు. ఎనిమిదిన్నరకు స్కూలు బస్సు. మళ్లీ అందరూ ఒకచోట చేరేది రాత్రి ఏడు దాటాకే. అలాంటి ఇంటికి వెళ్లి, "పెరుగు ఇంట్లోనే తోడుపెట్టుకోండి, పొడులు ఇంట్లోనే చేసుకోండి" అంటే ఎవరికైనా విసుగే వస్తుంది. "టైమెక్కడుందండీ మాకు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు తెలిసిన జవాబు చెబుతాను, వినండి.

ఏ పనికైనా రెండు రకాల సమయం ఉంటుంది. మన చెయ్యి పెట్టాల్సిన సమయం ఒకటి. ఆ పని పూర్తి కావడానికి పట్టే సమయం ఇంకొకటి. పాలు పెరుగు కావడానికి 6 గంటలు పడుతుంది. అందులో మన చెయ్యి పడేది రెండు నిమిషాలు. పప్పు నానడానికి 4 గంటలు. మనం చేసేది కడిగి నీళ్లు పోయడం, అంతే. మనం భయపడుతున్నది ఆ 6 గంటలను చూసి, ఆ 4 గంటలను చూసి. చూడాల్సింది మన చెయ్యి ఎంతసేపు అన్నది. మళ్లీ చెబుతున్నాను. పని ఎన్ని గంటలు పడుతుంది అని అడగకండి. అందులో నా చెయ్యి ఎన్ని నిమిషాలు అని అడగండి. అలా అడిగితే, తీరిక లేని ఇంట్లో కూడా చేసుకోగలిగిన పనులు చాలా కనిపిస్తాయి. చాలావాటిని రాత్రికి అప్పగించి మనం పడుకోవచ్చు.

ఇది కొత్త తెలివేమీ కాదు. మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు తీరిక ఉండేదని మనం అనుకుంటాం. వాళ్లకు ఎక్కడిది తీరిక? పాడి ఉన్న ఇళ్లలో దాలి ఉండేది, గుర్తుందా? నేలలో చిన్న గుంట. అందులో పిడకలు పేర్చి, నిప్పు వేసి, మీద పాలకుండ పెట్టేవారు. పిడకల నిప్పు భగ్గున మండదు. బూడిద కప్పుకుని లోలోపలే రాజుకుంటూ ఉంటుంది. పొద్దున పెట్టిన పాలు గంటల తరబడి సన్నగా కాగుతూనే ఉండేవి. పాలు ఎర్రబడేవి. పైన మందంగా మీగడ కట్టేది. ఆ ఇల్లాలు దాలి ముందు కూర్చునేది కాదు. నాట్లకు వెళ్లేది. కలుపు తీసేది. గేదెకు గడ్డి కోసుకొచ్చేది. ఆవిడ పొలంలో ఉంటే, ఇంట్లో పాలు వాటంతట అవే కాగేవి.

ఇదే ఆలోచన ఇంకొకరూ చేశారు. 1910లో బెంగాల్‌లో ఇందుమాధవ్ మల్లిక్ అనే డాక్టరుగారు ఇక్మిక్ కుక్కర్ అని ఒక పాత్ర తయారుచేశారు. పొడుగాటి గుండ్రని డబ్బా. లోపల టిఫిన్ క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో కూర. అడుగున కాసిని బొగ్గులు. నిప్పు రాజేసి పక్కన పెడితే, ఆవిరి మీద అన్నీ ఒకేసారి నెమ్మదిగా ఉడికేవి. ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు. మన దాలి లాగే అదీ మనిషిని పొయ్యి ముందు నుంచి లేపి పంపించింది.

సరే, ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. ముందు పెరుగు.

పెరుగు ప్యాకెట్ దొరకని ఊరు లేదు ఇవాళ. అయినా పెరుగుతోనే మొదలుపెట్టమంటాను. ఎందుకంటే చెయ్యి తక్కువ పడే పనుల్లో ఇదే మొదటిది. పాలు ఎలాగూ కాస్తాం. కాచిన పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. ఇక్కడే చాలామందికి పెరుగు చెడుతుంది. వేలు పెట్టి చూడండి. వేలు హాయిగా నిలబడాలి. చురుక్కుమంటే ఇంకా ఆగాలి. తోడులో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. వేడి పాలల్లో అవి చచ్చిపోతాయి. చల్లటి పాలల్లో అవి కదలవు. గోరువెచ్చని పాలే వాటికి కావాలి. అర లీటరు పాలకు చిన్న చెంచాడు తోడు చాలు. బాగా కలిపి మూతపెట్టి వదిలేయండి. ఇక గిన్నె కదపకూడదు. మాటిమాటికీ మూత తీసి చూడకూడదు. విత్తనం వేసిన రైతు మట్టి తవ్వి మొలక వచ్చిందా అని చూడడు కదా.

ఎండాకాలం 5, 6 గంటల్లో పెరుగు తయారు. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పులుస్తుంది. చలికాలం సంగతి వేరు. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు, అరకు వైపు పొద్దున లేచి చూస్తే పాలు పాలుగానే ఉంటాయి. అప్పుడు తోడు కొంచెం ఎక్కువ వేయండి. గిన్నెను తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి. హాట్‌ప్యాక్ ఉంటే పాలు దాంట్లోనే పోసి తోడుపెట్టండి. రాత్రంతా ఆ వెచ్చదనం నిలుస్తుంది. గట్టి పెరుగు కావాలంటే పాలు పొంగాక ఇంకో 5, 10 నిమిషాలు సన్నటి మంట మీద మరగనివ్వండి. మట్టి ముంతలో తోడుపెడితే ఇంకా గట్టిగా వస్తుంది. మట్టి పాత్ర నీటిని పీల్చుకుంటుంది కాబట్టి.

ఒక్క అలవాటు మాత్రం తప్పకూడదు. అన్నాల ముందు, పెరుగు గిన్నెలో ఎవరూ గరిటె పెట్టకముందే, రేపటి తోడుకు ఒక చెంచాడు విడిగా తీసిపెట్టాలి. ఆ పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి. పదేళ్ల పిల్లవాడు చక్కగా చేస్తాడు. వాడు తీసిపెట్టిన తోడుతో మర్నాడు పెరుగు తోడుకుంటే ఆ పిల్లవాడి ముఖం చూడాలి మీరు.

పెరుగు సంగతి విన్నారు కదా. చెయ్యి పెట్టింది రెండు నిమిషాలు. మిగతాది రాత్రి చేసింది.

ఇప్పుడు ఇడ్లీ పిండి. ఇది కాస్త పెద్ద పని. కానీ ఒకసారి రుబ్బితే మూడు నాలుగు పొద్దులు గడుస్తాయి. కొలత చెబుతాను. ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. మళ్లీ చెబుతున్నాను, ఒకటికి రెండు. పప్పుతో పాటు అర చెంచా మెంతులు వేస్తే ఇడ్లీ మెత్తగా వస్తుంది, దోసె ఎర్రగా కాలుతుంది. పొద్దున ఆఫీసుకు బయల్దేరేముందు పప్పు కడిగి నానబోయండి. ఎండాకాలమైతే ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. బయట ఉంచితే సాయంత్రానికే పులుపు వాసన వస్తుంది. సాయంత్రం వచ్చాక రవ్వను కడిగి కాసేపు నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేయండి. పప్పు రుబ్బి అందులో రవ్వ కలపండి. మిక్సీ అయితే చల్లటి నీళ్లు పోస్తూ రుబ్బండి. మిక్సీ వేడికి పిండి వేడెక్కితే ఇడ్లీ గట్టిపడుతుంది. ఇదంతా అరగంట పని. తర్వాత మూతపెట్టి పడుకోవడమే.

పెరుగుకు మనం తోడు వేస్తాం. ఇడ్లీ పిండికి ఎవరూ తోడు వేయరు. మరి ఎలా పొంగుతోంది? పులియబెట్టే సూక్ష్మజీవులు మినప్పప్పుతో, బియ్యపు రవ్వతోనే వస్తాయి. వాటిలో ముఖ్యమైనదాన్ని శాస్త్రజ్ఞులు ల్యూకోనోస్టాక్ అంటారు. రాత్రంతా అవి గాలి బుడగలు పుట్టిస్తాయి. మినప్పిండి జిగట ఆ బుడగలను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పిండి పొంగడం అంటే అదే. అందుకే గిన్నె నిండా పోయకూడదు. సగానికి పైన కాస్త, అంతే. పొంగిన పిండిని గరిటెతో గిరగిరా తిప్పకూడదు. పట్టి ఉన్న గాలి పోతుంది.

చలిదేశాల్లో ఉంటున్న మన పిల్లలు ఈ పిండి పొంగక ఎంత అవస్థ పడతారో ఫోన్లలో వింటూనే ఉంటాం. వాళ్లలో చాలామంది ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. ఓవెన్ వెలిగించకుండా, లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె దాంట్లో పెట్టి తలుపు మూసేస్తారు. ఆ చిన్న బల్బు వేడి చాలు. చలికాలంలో ఇక్కడ మనకూ ఆ చిక్కు వస్తే గిన్నెకు దుప్పటి చుట్టండి, పొయ్యి పక్కన వెచ్చగా ఉన్నచోట పెట్టండి. రెండు గంటలు ముందుగా రుబ్బుకోండి.

మొదటిరోజు ఇడ్లీ. పిండి ఫ్రిజ్‌లో పెట్టాక రెండోరోజు ఇడ్లీ గానీ దోసె గానీ. మూడోరోజు ఉల్లిపాయలు చల్లి ఊతప్పం. ఆఖర్న అడుగున మిగిలిన పుల్లటి పిండిలో కాస్త మైదా కలిపి పునుగులు. ఆదివారం సాయంత్రం రుబ్బితే బుధవారం దాకా టిఫిను గొడవ లేదు.

రాత్రికి అప్పగించే పనుల్లో అంబలి ఇంకొకటి. రాత్రి వంటయ్యాక నాలుగు చెంచాల రాగిపిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. మరిగే నీళ్లలో పోసి తిప్పుతూ జావ కాచండి. చల్లారాక మూతపెట్టి వదిలేయండి. పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. బస్సు అందుకోవాల్సినవాళ్లు నిలబడి తాగేసి వెళ్లొచ్చు. ఎండాకాలంలో దీనికి మించింది నాకు తెలియదు.

అలాగే రాత్రి అన్నం. వేడి అన్నం కాస్త చల్లారాక గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి మూతపెడితే పొద్దునకు తోడన్నం సిద్ధం. ఆవకాయ ముక్కతో పిల్లలు మారు మాట్లాడకుండా తింటారు. ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది రాత్రి వండిన అన్నంతోనే చేయండి. పొద్దున వండి రోజంతా బయట ఉన్న అన్నంతో చేయకండి. వండిన అన్నం గంటల తరబడి వేడికి బయట ఉంటే, కడుపు చెడగొట్టే సూక్ష్మజీవులు అందులో పెరుగుతాయి. అవి విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

ఇప్పుడు పొడులు. నా దృష్టిలో తీరిక లేని ఇంటిని నిలబెట్టేవి ఇవే. రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరారు. కూర తరగడానికి ఓపిక లేదు. కుక్కర్లో అన్నం పెట్టారు. కందిపొడి డబ్బా ఉంది, నెయ్యి ఉంది. ఇంకేం కావాలి? రెండు అప్పడాలు కాల్చుకుంటే భోజనమే.

పొడులు రాత్రికి రాత్రి తయారయ్యేవి కావు. వీటికి అరగంటసేపు పొయ్యి దగ్గర నిలబడాలి. కానీ ఆ అరగంట నెలంతా పనిచేస్తుంది. లెక్క అదే. చెయ్యి ఎంతసేపు పెట్టాం, అది ఎన్ని రోజులు ఆదుకుంది.

కందిపొడి కొలత చెబుతాను. కాగితం, పెన్ను తెచ్చుకోండి. ఒక గ్లాసు కందిపప్పు. అర గ్లాసు పుట్నాల పప్పు. ఎనిమిదో పదో ఎండుమిరపకాయలు. ఒక చెంచా జీలకర్ర. రుచికి ఉప్పు. మళ్లీ చెబుతున్నాను. కందిపప్పు గ్లాసు, పుట్నాలు అర గ్లాసు, మిరపకాయలు ఎనిమిదో పదో, జీలకర్ర చెంచా, ఉప్పు. నూనె అక్కర్లేదు. కందిపప్పు విడిగా, సన్నటి మంట మీద, కమ్మటి వాసన వచ్చి రంగు తిరిగేదాకా వేయించాలి. మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చి ఉంటుంది. ఆ పచ్చివాసన పొడి నిండా తెలుస్తుంది. తర్వాత మిరపకాయలు, జీలకర్ర. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి ఆఖర్న కాస్త వెచ్చచేస్తే చాలు.

ఇక ఇక్కడ ఆగాలి. అన్నీ ఒక పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. తొందరపడి వేడిమీదే మిక్సీ పడితే ఆవిరి పట్టి పొడి ముద్ద కడుతుంది, తొందరగా పాడవుతుంది. కాబట్టి వేయించి వదిలేయండి. వేరే పని చూసుకోండి. స్నానం చేసి రండి. పిల్లల చేత హోంవర్కు చేయించండి. అప్పుడు మిక్సీ పట్టండి. మరీ మెత్తగా వద్దు, వేలికి కాస్త పలుకు తగలాలి. వెల్లుల్లి ఇష్టమైనవాళ్లు ఆ పూటకు సరిపడా పొడిలో రెండు రెబ్బలు దంచి కలుపుకోండి. డబ్బా మొత్తంలో పచ్చి వెల్లుల్లి వేస్తే నిలవ తగ్గుతుంది. డబ్బాలో తడి చెంచా పెట్టకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. తేదీ రాసిన చిన్న కాగితం డబ్బాకు అంటించండి.

ఇది వచ్చిందంటే మిగతావన్నీ ఇలాగే. కరివేపాకు పొడికి ఆకు కడిగి, బట్ట మీద నీడన ఆరబెట్టాలి. ఆ ఆరబెట్టే పని కూడా రాత్రిదే, ఫ్యాను కింద. తడి ఆకు వేయిస్తే నల్లబడుతుంది. రాయలసీమ ఇళ్లలో శెనక్కాయల పొడి, తెలంగాణలో పల్లి కారం, నువ్వుల పొడి లేనిదే గడవదు. అవిసెగింజల పొడి, మునగాకు పొడి. మీ ఇంట్లో ఏది నడుస్తుందో అదే చేయండి. నెలకు రెండు రకాలు చాలు. అల్మరా నిండా పది డబ్బాలు పెట్టి, అందులో ఎనిమిది మక్కిపోయి పారబోసేకంటే, రెండు డబ్బాలు అడుగంటా ఖాళీ అవడం మేలు.

అన్నీ ఇంట్లోనే చేసుకోవాలన్న పంతం మాత్రం వద్దు. రొట్టె, సేమ్యా, బిస్కెట్లు కొనుక్కోండి. అప్పడాలు కొనుక్కోండి. వడియాలు మేడ, ఎండ, ఓపిక మూడూ ఉన్నవాళ్లు పెట్టుకుంటారు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో బాల్కనీ ఎండ చాలదు. చెయ్యి ఎక్కువ పడి, మనకు దక్కేది తక్కువగా ఉన్న పనిని వదిలేయడంలో తప్పేమీ లేదు. ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

ఆవకాయ ఒక్కటి నేను ఈ లెక్కలో చూడను. ఆవకాయకు చెయ్యి చాలా పడుతుంది. కాయ కడగాలి, తుడవాలి, తడి లేకుండా ఆరబెట్టాలి, టెంకతో సహా ముక్క కొట్టాలి, జీడి తీసి లోపలి పొర ఒలవాలి. ఒక్కరు చేస్తే నడుము విరుగుతుంది. నలుగురు కూర్చుంటే అది మే నెలలో ఒక పొద్దుటి పని, మనసు నిండే పని. తుడిచేవాళ్లు తుడవాలి, పొర తీసేవాళ్లు తీయాలి, ఆవపిండి, కారం, ఉప్పు కొలిచేవాళ్లు కొలవాలి. అయ్యలారా, ఆ రోజు మీరూ పీట వాల్చుకుని కూర్చోండి. కేజీ ముక్కలైనా చాలు. ముక్క మీదకు నువ్వుల నూనె తేలి ఉండాలి. నూనె కింద మునిగిన ముక్కకు బూజు పట్టదు. మూడోరోజు తిరగకలిపి, నూనె తగ్గితే ఇంకాస్త పోయండి.

ఇక్కడ ఒక మాట. ఈ కొలతలన్నీ ఎవరి దగ్గర ఉన్నాయి? మీ అమ్మగారి దగ్గర, మీ అత్తగారి దగ్గర. అడిగితే ఏమంటారు? "తగినంత వేయాలి, చేతికే తెలుస్తుంది" అంటారు. నిజమే, ఆవిడ చేతికి తెలుసు. ఆ చెయ్యి మన మధ్య ఉన్నప్పుడే దాన్ని కాగితం మీదికి తెచ్చుకోవాలి. ఆవిడ వండుతున్నప్పుడు పక్కన నిలబడండి. ఆవిడ గుప్పెడు తీసి వేయబోతుంటే, ఆ గుప్పెడు కింద మీ చెంచా, మీ గ్లాసు పెట్టి కొలవండి. రాసుకోండి. ఏ గ్లాసుతో కొలిచారో అదీ రాసుకోండి. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు ప్రమదావనం శీర్షికలో ఏళ్ల తరబడి ఇంటి సంగతులు, వంటలు చెప్పారు. అలాంటివి కత్తిరించి నోటుపుస్తకంలో అతికించుకున్న తరం ఒకటి ఉంది. ఆ పుస్తకాల్లో మార్జిన్‌లో పెన్సిలుతో "ఉప్పు తగ్గించాలి", "మా వాళ్లకు కారం చాలలేదు" అని రాసుకున్న మాటలే ఎక్కువ విలువైనవి. సెలవుల్లో మీ ఇంట్లో పిల్లలకు ఈ పని అప్పగించండి. నాయనమ్మ వంటలు రాసే పని. ఆవిడకూ మాట్లాడటానికి మనిషి దొరుకుతుంది.

వంటింట్లోంచి ఇల్లు శుభ్రం చేసే పనుల్లోకి వద్దాం. ఇక్కడా అదే లెక్క. రుద్దే పని మనది కాకుండా, నానే పని రాత్రిది కావాలి.

బోరు నీళ్లున్న ఊళ్లలో కుళాయి చివర ఉండే జల్లెడకు తెల్లగా సున్నం పేరుకుంటుంది. నీళ్లు సన్నబడి పక్కలకు చిమ్ముతాయి. మనం పిన్నుతో గుచ్చుతూ కూర్చుంటాం. గుచ్చకండి. ఆ జల్లెడను తిప్పి ఊడదీసి, గిన్నెలో వేసి, మునిగేలా నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పోసి పడుకోండి. పొద్దునకు సున్నం కరిగి ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో ఒకసారి తోమి బిగించండి. బాత్రూమ్‌లో షవర్ ఊడి రాకపోతే, ప్లాస్టిక్ కవరులో వెనిగర్ పోసి, షవర్ మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రంతా వదిలేయండి. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది. ఉన్న రహస్యమంతా అదే.

ఇత్తడి, రాగి సామాను కూడా పులుపుకే లొంగుతుంది. పులుసుకు పిండిన చింతపండు పిప్పిని పారేయకండి. కాస్త ఉప్పు కలిపి దీపపు కుందులకు పట్టించి, పావుగంట ఆగి తోమండి. చిలుము వదులుతుంది. కుంకుడుకాయలు రాత్రి నానబోసి పొద్దున పిసికితే నురుగు వస్తుంది. తలకు సరే, పట్టుచీరలకు, గొలుసులకు కూడా ఆ నురుగు మంచిది. దాంట్లో సబ్బు గుణమున్న పదార్థం ఉంది. కళ్లలో పడకుండా మాత్రం చూసుకోండి, ఆ మంట మనందరికీ తెలుసు.

ఫోన్లలో వచ్చే చిట్కాల విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పాలి. మొదటిది. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది చాలావరకు నీళ్లే. రుద్దడానికి సోడా విడిగా వాడండి. సున్నానికి వెనిగర్ విడిగా వాడండి.

రెండోది ప్రాణానికి సంబంధించింది. శ్రద్ధగా వినండి. బ్లీచింగ్ పౌడరును, బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి. మళ్లీ చెబుతున్నాను. బ్లీచింగ్, యాసిడ్ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. తలుపు వేసిన చిన్న బాత్రూమ్‌లో అది మనిషి ప్రాణం తీయగలదు. ఒకదాని తర్వాత ఒకటి పోసినా ప్రమాదమే. మీ ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి ఈ మాట తప్పకుండా చెప్పండి. రోజూ ఆ బాత్రూమ్‌లో వంగి కడిగేది ఆమే.

ఇంటి పనుల మాట వచ్చింది కాబట్టి గ్యాసు సంగతి కూడా. సిలిండర్ గొట్టం మీద తేదీ అచ్చువేసి ఉంటుంది. ఇవాళే చూడండి. అయిదేళ్లు దాటితే మార్పించండి. రెగ్యులేటర్ దగ్గర, గొట్టం రెండు చివర్లా సబ్బు నురుగు పూసి చూడండి. బుడగలు వస్తే గ్యాసు కారుతోందన్నమాట. వెంటనే రెగ్యులేటర్ ఆపేసి, కిటికీలు తెరిచి, గ్యాసు వాళ్లకు ఫోన్ చేయండి. అగ్గిపుల్ల గీసి చూడటం ఎన్నడూ చేయకండి. లైటు స్విచ్చి కూడా ముట్టుకోకండి. అయిదు నిమిషాల పని ఇది. ఇంట్లో మగవాళ్లు నెలకోసారి దీన్ని తమ పనిగా పెట్టుకుంటే బాగుంటుంది.

చివరగా రెండు కుండలు, ఒక ట్రే. కూరగాయల తొక్కలు మనం రోజూ బుట్టలో వేసి, వాసన వచ్చాక ముక్కు మూసుకుని కిందికి తీసుకెళ్తాం. ఒక మట్టికుండ తెచ్చి, పక్కల చిన్న చిన్న చిల్లులు పెట్టించండి. అడుగున ఎండుటాకులు పరవండి. పైన తొక్కలు. మళ్లీ గుప్పెడు ఎండుటాకులు. ఇంతే, రోజూ ఇంతే. వండిన కూర, నూనె, చేప, మాంసం అందులో వేయకండి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం. ఇంకాస్త ఎండుటాకు వేసి కర్రతో కలపండి. మొదటి కుండ నిండాక రెండో కుండ మొదలుపెట్టండి. రెండోది నిండేలోపు మొదటి కుండలోది నల్లగా, పొడిపొడిగా అయి, వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది. రెండు మూడు నెలల్లో కుండే ఎరువు చేసి పెడుతుంది.

ఆ ఎరువు కలిపిన మట్టిని, అడుగున చిల్లులున్న వెడల్పాటి ట్రేలో బెత్తెడు ఎత్తు నింపండి. వంటింటి మెంతులు రెండు చెంచాలు రాత్రి నానబోయండి. పొద్దున మీ చిన్నపాప చేత చల్లించండి. పైన పల్చగా మట్టి జల్లి, నీళ్లు చిలకరించి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టండి. నాలుగైదు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. మూడు వారాలకు చిన్న మెంతికూర కోతకు వస్తుంది. ధనియాలూ ఇలాగే, కాకపోతే చల్లేముందు చేత్తో నలిపి రెండు బద్దలు చేయాలి, మొలవడానికి ఇంకొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. ఈ వారం అన్నీ మొదలుపెట్టకండి. పెరుగైనా, పొడి అయినా, మెంతుల ట్రే అయినా, ఒక్కటి ఎంచుకోండి. అది అలవాటయ్యాకే రెండోది. మెంతుల ట్రే ఎంచుకున్నవాళ్లకు ఇంకొక్క మాట: మెంతికూర పీకినప్పుడు మొక్క వేళ్లకు ఇసుక ఉంటుంది, వేళ్లు తీసేసి, రెండు మూడు నీళ్లలో కడిగి పప్పులో వేసుకోండి.